కొండ దిగేటప్పుడే తెలుస్తుంది

చిరంజీవి చిన్నాకు,

మేనత్త ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. బూటు లోపల పాదం కింద వేసుకునే కొత్త ఇన్‌సోల్స్ కొన్నావు, సంతోషం. కానీ మూడు వారాల తర్వాత కుమారపర్వతానికి వెళ్లే రోజున తీస్తానని, అప్పటివరకు నలగకుండా పెట్టెలోనే ఉంచుతానని రాశావు. పండుగ బట్టలైతే అలా దాచుకోవచ్చు. పాదం కిందికి వెళ్లేదాన్ని దాచకూడదు. ఈ రాత్రే పెట్టె విప్పు. ఎందుకో చెప్పాలంటే ఫోనులో కుదరదు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నేను అదే కొండకు, అలాగే కొత్తవి వేసుకుని వెళ్లాను. కుక్కే సుబ్రహ్మణ్య నుంచి రానూపోనూ ఇరవై కిలోమీటర్లు దాటే దారి అది, శిఖరం ఎత్తు 1712 మీటర్లు. ఎక్కేటప్పుడు ఎంతో హాయిగా ఉంది. దారి మధ్యలో ఉండే భట్టర మనె అనే ఇల్లు దాటి గడ్డి కొండల మీదికి వచ్చాక కూడా అరికాలు అలసినట్లు అనిపించలేదు. ఇంత మంచివి ఇన్నాళ్లూ ఎందుకు కొనలేదా అనుకున్నాను. దిగడం మొదలుపెట్టిన గంటకే రెండు బొటనవేళ్లూ బూటు ముందు గోడకు కొట్టుకోసాగాయి. అడుగడుగునా మడమ పైకి లేస్తోంది. కింద ఊరు చేరేసరికి ఒక గోరు నల్లబడింది, రెండు నెలల తర్వాత ఊడిపోయింది. వస్తువులో లోపమేమీ లేదు. నా బూటులో అది ఎలా కూర్చుంటుందో చూడకుండా వెళ్లడమే తప్పు.

ఎక్కేటప్పుడు బరువంతా పాదం ముందు భాగం మీద ఉంటుంది, మడమకు పెద్దగా పని ఉండదు. కాబట్టి ఎక్కుడు దారిలో దాదాపు ఏ ఇన్‌సోల్ అయినా బాగానే అనిపిస్తుంది. దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది. ఇన్‌సోల్ మందంగా ఉంటే పాదం బూటులో కాస్త పైకి లేస్తుంది, దాంతో వేళ్ల దగ్గర చోటు తగ్గుతుంది, మడమ బూటు అంచు పైకి వస్తుంది. ఈ రెండూ దుకాణంలో చదును నేల మీద పది అడుగులు వేస్తే తెలియవు. అందుకే ఏ ఇన్‌సోల్‌నైనా నేను దిగుడులోనే, అదీ కాళ్లు అలసిన తర్వాతే తూకం వేస్తాను.

అలిపిరి నుంచి 3550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కిన మనకు ఇవన్నీ ఎందుకని మీ నాన్న అడిగాడట. మంచి ప్రశ్నే. ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి, వట్టికాళ్లతో నడిచినప్పుడు వాటి మధ్య కీళ్లు స్వేచ్ఛగా కదులుతాయి, నేలను బట్టి పాదం తానే సర్దుకుంటుంది. మెట్లు చదునుగా ఉంటాయి, వీపు మీద బరువు ఉండదు. గట్టి అడుగున్న బూటు వేసుకుని, సంచి మోస్తూ, ఏటవాలు రాళ్ల మీద ఎనిమిది గంటలు నడవడం వేరే సంగతి. ఇన్‌సోల్ అక్కడ చేసే పని చిన్నదే. మడమను గిన్నెలో పెట్టినట్లు కుదురుగా ఉంచుతుంది, అరికాలి వంపు కింద కాస్త ఆసరా ఇస్తుంది, బరువును పాదమంతా పంచుతుంది. బలహీనమైన పాదాన్ని అది బలంగా మార్చదు. ఆ పని నువ్వే చేయాలి, మెట్టు అంచున నిలబడి రోజూ మడమలు ఎత్తి దించుతూ.

కొలత తీయించి ప్రత్యేకంగా చేయించుకోవాలా అని కూడా అడిగావు. తొందరపడవద్దు. మడమ నొప్పి ఉన్న 135 మందిపై ఇన్‌సోల్స్ గురించి జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. ఉత్తుత్తి ఇన్‌సోల్ వేసుకున్నవారితో పోలిస్తే మూడు నెలల దగ్గర కొద్దిపాటి మేలు కనిపించింది, ఏడాది తిరిగేసరికి ఆ తేడా మిగల్లేదు. చేయించినవి, కొన్నవి దాదాపు ఒకేలా పనిచేశాయి. వేలకు వేలు పోసే ముందు ఇది గుర్తుంచుకో.

ఇప్పుడు నీ చేతిలో ఉన్నవాటి సంగతి. అవి నీ పాదానికి సరిపోతాయో లేదో ముందు బూటు బయటే చూడు. సాయంత్రం చూడాలి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. ఇన్‌సోల్‌ను గచ్చు మీద పెట్టి, మడమను వెనుక గిన్నెలో సరిగ్గా ఆనించి నిలబడు. ఇన్‌సోల్ కింద గట్టి ప్లాస్టిక్ భాగం ఒకటి ఉంటుంది, చేత్తో వంచితే ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ అంచు బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటుకు వెనుకే ఆగిపోవాలి. ఆ ఉబ్బు కిందికి వచ్చిందంటే ప్రతి అడుగుకూ గుచ్చుకుంటుంది, ఎన్నాళ్లు వేసుకున్నా అలవాటు కాదు. ఒకే నంబరు బూటు వేసుకునే ఇద్దరిలో ఒకరి వేళ్లు పొడవు, మరొకరి వంపు పొడవు. అందుకే బూటు నంబరును మాత్రమే నమ్మవద్దు. పైగా మన దగ్గర బూట్లకు యూకే నంబర్లు, దిగుమతి ఇన్‌సోల్ పెట్టెల మీద తరచు అమెరికా నంబర్లు. మగవారి యూకే 8 దాదాపు అమెరికా 9 అవుతుంది. నీ పెట్టె మీద ఏది ఉందో మరోసారి చూడు.

తడి పాదంతో గచ్చు మీద అడుగు వేసి వంపు ఎత్తు తెలుసుకోవడం అందరూ చెప్పేదే. చేయి, తప్పులేదు. అయితే కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి ముద్ర వేసి పోల్చు. నిలబడగానే వంపు బాగా కుంగే పాదానికి, నిలబడినా కుంగని పాదానికి కావలసిన ఆసరా ఒకటి కాదు. వంపు ఎత్తుగా ఉంది కదా అని బాగా ఎత్తైన, గట్టి ఇన్‌సోల్ కొన్నవారు అరికాలి మధ్యలో బొబ్బలతో తిరిగి రావడం చూశాను.

బూటులో పెట్టే ముందు పాత ఇన్‌సోల్ తీసెయ్యి. దాని మీద కొత్తది పరచవద్దు, నేను కుమారపర్వతంలో చేసింది అదే. పాతదాన్ని పైన ఆనించి ముందు భాగంలో మాత్రమే గీత గీసి, గీత బయటి నుంచి కొద్దికొద్దిగా కత్తిరించు. కత్తిరించిన ముక్క మళ్లీ అతకదు. మడమ వైపు కత్తెర పెట్టకూడదు. పెట్టాక అంచులు ముడుచుకోకుండా బూటు అడుగున చదునుగా కూర్చోవాలి. పాత ఇన్‌సోల్స్‌ను మాత్రం పారేయవద్దు, వాటితో పని ఉంది.

మొదటి రోజు ఇంట్లోనే గంట, రెండు గంటలు. మర్నాడు మరికాస్త. వారానికల్లా రోజంతా వేసుకోగలిగితే అప్పుడు లాల్‌బాగ్‌కు వెళ్లు. అక్కడ చదును దారితో పాటు కెంపేగౌడ గోపురం ఉన్న రాతి గుట్ట ఉంది, ఎక్కి దిగితే మొదటి సంగతులు అక్కడే బయటపడతాయి. తర్వాత ఊరి శివారులోని తురహళ్లి అడవి. అసలు పరీక్ష అక్కడ.

తురహళ్లిలో ఒకే దారిని రెండు సార్లు, రెండు వేర్వేరు ఉదయాల్లో నడువు. ఒకరోజు పాత ఇన్‌సోల్స్‌తో, మధ్యలో ఒక రోజు విరామం ఇచ్చి, తర్వాత కొత్తవాటితో. బూటు, మేజోళ్లు, సంచి బరువు, ఆఖరికి లేసు కట్టే తీరు కూడా మారకూడదు. మా నడక బృందంలో చాలామంది కొత్త ఇన్‌సోల్‌తో పాటు కొత్త మేజోళ్లు కూడా వేసుకుని వచ్చి, ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో తేల్చుకోలేకపోతారు. దిగేటప్పుడు మూడు విషయాలు గమనించు. వేళ్లు ముందుకు తగులుతున్నాయా, మడమ లేస్తోందా, ఎక్కడైనా చురుక్కుమంటోందా. చురుక్కుమన్న చోట అక్కడికక్కడే ఆగి బూటు విప్పి చూడు, అక్కడ వచ్చేది బొబ్బే. మడమ లేస్తుంటే లేసును పై రెండు రంధ్రాల్లో ఉచ్చులా మడిచి, ఎదుటి ఉచ్చులోంచి లాగి బిగించు. అయినా లేస్తుంటే ఆ బూటుకు ఆ ఇన్‌సోల్ మందం ఎక్కువన్నమాట.

మర్నాడు ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగును గమనించు. నడిచేటప్పుడు కన్నా అది ఎక్కువ నిజం చెబుతుంది. మడమ కింద గుచ్చినట్లు ఉందా, అంతకుముందు కన్నా తక్కువా ఎక్కువా, ఎన్ని అడుగులకు సర్దుకుంది? ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకో. నా దగ్గర పన్నెండేళ్ల పుస్తకాలు ఉన్నాయి, ఏ కొండకు ఏది వేసుకున్నానో, ఏ కాలు ఏమందో అన్నీ ఉన్నాయి.

పరుగు సంగతి వేరు. నడకకు నచ్చిన గట్టి ఇన్‌సోల్ పరుగులో బరువుగా, బండగా అనిపించవచ్చు. పరుగులో పాదం ఎక్కువ వంగాలి, నేల స్పర్శ తెలియాలి. నువ్వు నంది కొండ దగ్గర పరిగెత్తాలనుకుంటే దానికి పలుచగా, మృదువుగా వంగే జత విడిగా చూసుకో. రెండింటికీ ఒకే జత కొనమని నేను ఎవరికీ చెప్పను. కొత్తవాటితో పరుగు అన్నింటికన్నా చివర మొదలుపెట్టాలి, మొదట రెండు మూడు కిలోమీటర్లే.

తడిస్తే బయటికి తీసి నీడలో ఆరబెట్టు. ఎండలో, హీటర్ దగ్గర పెడితే ఫోమ్ పొర ముడుచుకుపోతుంది. ఏడాదికో, 800 కిలోమీటర్లకో మార్చమని తయారీదారులు చెబుతుంటారు. నేను మడమ గిన్నెలో బొటనవేలు పెట్టి నొక్కుతాను, వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంటే దాని పని అయిపోయినట్లే.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటవద్దు. కొత్త ఇన్‌సోల్ వేసుకున్నాక మోకాలిలోనో తుంటిలోనో ఇంతకుముందు లేని నొప్పి వస్తే, అలవాటవుతుందని ఓర్చుకోకు. తీసేసి పాతవి వేసుకో. మడమ నొప్పి కొన్ని వారాలైనా తగ్గకపోతే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లు. నీతో పాటు నడవడానికి మీ నాన్న కూడా ఇలాంటివే కొంటానంటున్నాడని విన్నాను. ఆయనకు షుగర్ ఉంది. పాదంలో స్పర్శ తగ్గితే పుండు పడేవరకు తెలియదు, కాబట్టి డాక్టర్‌కు పాదాలు చూపించిన తర్వాతే కొనమను.

వచ్చే ఆదివారానికి నీకు వారం నిండుతుంది, అప్పుడు లాల్‌బాగ్‌కు వెళ్లిరా. ఆ తర్వాతి ఆదివారం ఉదయం ఆరింటికి తురహళ్లి అడవి మొదట్లో నీకోసం ఎదురుచూస్తాను. మొదటి నడక కాబట్టి పాత ఇన్‌సోల్స్‌నే బూటులో వేసుకుని రా. సంచి బరువు కొండకు వెళ్లే రోజున ఎంత ఉంటుందో అంతే ఉండాలి, నీళ్ల సీసాలు నింపి తీసుకురా.

ప్రేమతో,
అత్తయ్య
జయనగర్, బెంగళూరు