ముందు అద్దం మారిస్తే కాలిబ్రేషన్ తప్పదా?

ముందు అద్దం మార్చాక అడాస్ (కెమెరా, రాడార్‌లతో రోడ్డును చూసి డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) కాలిబ్రేషన్‌కి, అంటే వాటి గురి సరిచేయడానికి, వేరే బిల్లు వేస్తున్నారు, డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగడం లేదు, తప్పదా అని అడిగారు. తప్పదు. లైటును నమ్ముకోవద్దు. ముందు అద్దం లోపలివైపు ఉండే కెమెరా చెడిపోతే లైటు వస్తుంది. కెమెరా బాగానే ఉండి కాస్త పక్కకు చూస్తుంటే చాలాసార్లు రాదు.

చీమకుర్తి రోడ్డులో కంకర టిప్పర్ నుంచి రాయి ఎగిరొచ్చి నా కారు అద్దం పగిలింది. ఆ టిప్పర్ల మీద పట్టా కప్పించే నాథుడే లేడు. ఒంగోలులో కొత్త అద్దం వేయించి, ఆ సాయంత్రమే బావమరిదితో నెల్లూరు బయల్దేరాను. సింగరాయకొండ దాటాక, కారును గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్ ఆన్ చేశాను. కారు లేన్ మధ్యలోనే ఉంది, అయినా స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. సరిచేస్తే మళ్లీ అటే. ఎడమ పక్కన వెనక లైట్లు లేని ట్రాక్టరు ఒకటి పోతోంది. "ఏంది బావా, అట్ట పోతన్నావు!" అని వాడు అరిచాడు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఆ బటన్ ఆపేశాను.

వర్క్‌షాపుకు తిరిగెళ్తే "లైట్ రాలేదు కదా సార్" అన్నారు. కాలిబ్రేషన్ రిపోర్టు చూపించమంటే లేదు. అద్దం మార్చేటప్పుడు కెమెరాను విప్పి కొత్త అద్దానికి బిగించారు, అంతే. ఒక్క డిగ్రీ తేడా ఉంటే 100 మీటర్ల దూరంలో దాదాపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది. హైవే లేన్ వెడల్పే 3.5 మీటర్లు!

పట్టుబట్టి చేయించాను. వాళ్ల షెడ్డులో నేల వాలుగా ఉంది, అక్కడ కుదరదు. చదునైన చోటికి మార్చి, టైర్లలో గాలి సరిచూసి, డిక్కీలోని బియ్యం మూట దించి, కారు ఎదురుగా కొలత ప్రకారం, కెమెరా గురి చూసే బోర్డు నిలబెట్టి, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టారు. తర్వాత స్కానర్ తగిలించే హైవే మీద నడిపారు. కొన్ని కార్లకు బోర్డు చాలు, కొన్నిటికి రోడ్డు మీద నడపాలి, కొన్నిటికి రెండూ కావాలి. రోడ్డు మీద చేసేదానికి తెల్ల గీతలు స్పష్టంగా ఉండాలి. మన లోపలి రోడ్లలో గీత కనిపించేదెక్కడ?

అద్దం ఒక్కటే కాదు. బంపర్ విప్పినా, సస్పెన్షన్ పని చేసినా, వీల్ అలైన్‌మెంట్ మార్చినా కాలిబ్రేషన్ కావాలేమో అడగండి. ముందున్న బండి దూరం కొలిచే రాడార్ చాలా కార్లలో గ్రిల్ దగ్గరో బంపర్ వెనకో ఉంటుంది. దాని ఎదుట మందంగా పుట్టీ పెట్టి రంగేస్తే సిగ్నల్ దెబ్బతింటుంది. బంపర్ ముందు బిగించే ఇనుప గార్డు అసలే వద్దు. వాటిని తీయించమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది, అయినా మన ఊళ్లలో కొత్త కారు కొనగానే బిగించేస్తున్నారు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయితే పని మొదలుపెట్టకముందే కాలిబ్రేషన్‌ను ఎస్టిమేట్‌లో రాయించి, నష్టం చూడటానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్‌కు చూపించండి. పని అయ్యాక చెబితే ఆ డబ్బు మీ జేబులోంచే పోవచ్చు. డెలివరీ రోజు స్కానర్ రిపోర్టు చేతికివ్వనిదే బిల్లు కట్టకండి.