కుక్కపిల్ల టీకాలు: ప్యాకేజీ కట్టాలా, విడిగా వేయించాలా?

ప్రశ్న: 50 రోజుల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. 45వ రోజున ఒక టీకా వేయించానని అమ్మినాయన చెప్పాడు. క్లినిక్‌లో ఏడాది ప్యాకేజీ రూ.6,500 అంటున్నారు. విడిగా అయితే కాంబినేషన్ టీకా (పలు జబ్బులకు కలిపి ఒకే సూది) రూ.900, రేబిస్ రూ.300. నా జీతం రూ.32,000. ఒకటి రెండు డోసులు మానేయొచ్చా?
- ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ప్యాకేజీ కట్టకండి. అలాగని డోసులూ మానకండి.

తల్లి జున్నుపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఒక పిల్లలో 8 వారాలకే తగ్గిపోతుంది, ఇంకోదాంట్లో 14 వారాలు దాటినా ఉంటుంది. పైకి చూసి చెప్పలేం. అందుకే 3, 4 వారాలకోసారి వేస్తూ 16 వారాలు దాటించాలి. చాలామంది రెండు వేయించి, పిల్ల హుషారుగానే ఉంది కదా అని మూడోది ఎగ్గొడతారు. అన్నిటికంటే నమ్మకంగా పనిచేసేది ఆ చివరిదే! పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు) సోకితే రోజుల తరబడి సెలైన్లు ఎక్కించాలి. ఆ బిల్లు ముందు రూ.900 ఏ మూలకి?

అమ్మినాయన చెప్పిన టీకాకు కార్డులో వయల్ (మందు సీసా) స్టిక్కర్, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం ఉన్నాయా చూడండి. లేకపోతే దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఉన్నా మీ ఖర్చు మారదు: పిల్లకు 60, 88, 116 రోజుల వయసులో మూడు డోసులు, 88వ రోజున దాంతోపాటే రేబిస్. అంటే వరసగా రూ.900, రూ.1,200, రూ.900. ఈ మూడు వేలూ 8 వారాల్లోనే అయిపోతాయి కాబట్టి ఆర్డీ కట్టి పోగేసేంత వ్యవధి లేదు, జీతం పడగానే తీసి పక్కన పెట్టాలి. ఏడాది నిండేసరికి బూస్టరు, రేబిస్ కలిపి ఇంకో రూ.1,200. దానికి నెలకు రూ.150 చొప్పున 8 నెలలు దాస్తే సరిపోతుంది.

మొత్తం రూ.4,200. మరి ప్యాకేజీలో మిగతా రూ.2,300 దేనికో అడగండి. నులిపురుగుల మందు కావాల్సిందే గానీ, దానికి అంత కాదు. కుక్కల కరోనా టీకాను అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాలు సిఫార్సు చేయవు. కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు) టీకా, ఊరెళ్లేటప్పుడు పిల్లను బోర్డింగ్‌లో వదిలేవాళ్లకు.

అసలు ఆదా రెండో ఏడాది నుంచి. డిస్టెంపర్ (ఇదీ ప్రాణాంతక వైరస్ జబ్బే), పార్వో టీకా బూస్టర్ తర్వాత మూడేళ్లకోసారి చాలు. కాంబినేషన్‌లో కలిసి ఉండే లెప్టో మాత్రం ఏటా తప్పదు: ఎలుకల మూత్రంతో వచ్చే జబ్బు, వానాకాలంలో మన వీధుల్లో నీళ్లు నిలవడం మామూలే. లెప్టో విడిగా ఉందేమో డాక్టరును అడగండి. రేబిస్‌కు వయల్ మీద ఉన్న గడువు పాటించండి. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు, బూస్టర్‌కు వాడుకోవచ్చు. మొదటి డోసు మాత్రం ఆ తేదీ కోసం ఆపకండి.

చవకని మెడికల్ షాపులో వయల్ కొని, ఎండలో బండి మీద తేవద్దు. 2-8 డిగ్రీల చల్లదనం తప్పితే లోపలి మందు చచ్చిపోతుంది, చూడ్డానికి ఏ తేడా కనపడదు.

పెట్ ఇన్సూరెన్స్ తీసుకున్నా టీకా ఖర్చు సాధారణంగా ఇవ్వరు. పార్వో లాంటి వాటికి క్లెయిమ్ చేస్తే ముందు అడిగేది టీకా కార్డే. వేయించిన ప్రతిసారీ ఆ పేజీ ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి.