బాట్లన్నీ పచ్చగా ఉన్నాయి, ఇక ప్యాచ్‌ను ఆమోదించవచ్చా?

వెబ్ పేజీలను తెరపై గీసే బ్రౌజర్ ఇంజిన్‌కు వచ్చిన ప్యాచ్‌లో, అంటే కోడ్ సవరణలో, టెస్టులన్నీ నెగ్గి, వాటిని తమంతట తామే నడిపే బాట్లు పచ్చ గుర్తు చూపితే రివ్యూలో ఇంకా చూడాల్సింది ఏముంటుందని అడిగారు. చాలా ఉంటుంది. కోడ్ చదవకముందే నేను చేసే పని ఒకటుంది: ప్యాచ్‌లోని టెస్ట్ ఫైళ్లను మాత్రమే తెచ్చుకుని, సవరణ లేని పాత బిల్డ్ (కోడ్ నుంచి తయారైన ప్రోగ్రామ్) మీద నడుపుతాను. అక్కడ ఆ టెస్ట్ తప్పాలి. తప్పకపోతే అది దేనికీ కాపలా కాయడం లేదన్నమాట.

ఈ అలవాటు నాకు ‘స్త్రీ’ అనే మాట వల్ల వచ్చింది. పదం మధ్యలో స్పాన్ ట్యాగ్ (పాఠంలో కొంత భాగాన్ని వేరుగా గుర్తించే హెచ్‌టీఎంఎల్ గుర్తు) పడితే, శైలి ఏమీ మారకపోయినా ‘స్’, ‘త్రీ’ విడివిడిగా కనిపించేవి. వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ ప్రమాణం ప్రకారం అలా విడిపోకూడదు. దాన్ని సరిచేస్తూ ఒక ప్యాచ్ వచ్చింది. దాని టెస్ట్, ట్యాగ్ ఉన్న పేజీనీ లేని పేజీనీ గీయించి పిక్సెళ్లను పోల్చే రెఫ్‌టెస్ట్. కోడ్ పొందికగా ఉంది. ఆమోదించబోతూ, బాట్లు వాడే కంటైనర్‌లోనే (టెస్టులు నడిచే విడి వాతావరణంలోనే) సవరణ తీసేసి నడిపాను. అప్పుడూ నెగ్గింది!

రెండు చిత్రాలూ తెరిచి చూశాను. కంటైనర్‌లో తెలుగు ఫాంటే లేదు. రెండింటిలోనూ కోడ్ పాయింటుకు (యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న ఒక్కో గుర్తుకు) ఒకటి చొప్పున ఆరు ఖాళీ డబ్బాలు. ఇక తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ చిత్రాలు జతచేసి రెండు మార్పులు అడిగాను. నోటో సాన్స్ తెలుగును వెబ్ ఫాంట్‌గా టెస్ట్‌తోపాటే ఇచ్చి, అది లోడయ్యేదాకా చిత్రం తీయకుండా ఆపడం మొదటిది. రెండోది నాకు చాలా ఇష్టమైనది: పోలకూడని రిఫరెన్స్ పేజీ, అంటే టెస్ట్ పేజీ దానిలాగే కనిపిస్తే టెస్ట్ తప్పినట్టే. అందులో ‘స్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని గుర్తు) పెట్టి అక్షరాన్ని కావాలనే విడగొట్టాలి. ఫాంట్ లేకపోతే ఆ కనిపించని గుర్తుకు డబ్బా కూడా రాదు. రెండు పేజీలూ ఒకేలా వచ్చి టెస్ట్ తప్పుతుంది, లోపం వెంటనే తెలుస్తుంది.

కొత్త టెస్ట్ నడిపాక, ‘స్త్’ తర్వాత ట్యాగ్ వస్తే ప్యాచ్ ఇంకా విడగొడుతూనే ఉందని తేలింది. పచ్చ గుర్తు చూసి ఆమోదించి ఉంటే అది అలాగే లోపలికి వెళ్లిపోయేది. ఇలాంటి టెస్టులు బ్రౌజర్లు పంచుకునే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే సంకలనంలో చేరితే గెకో, వెబ్‌కిట్, బ్లింక్, సర్వో అనే ఇంజిన్లన్నీ వాటిని నడుపుతాయి. అందుకే ఇక్కడ ఓపిక పట్టమంటాను.

సర్వోలో పనిచేస్తుంటే, ఏ టెస్ట్ ఫలితం ఎలా ఉంటుందో ముందే రాసి ఉంచే మెటాడేటా ఫైళ్లూ చూడండి. తప్పుతుందని ముందే రాసుకున్న టెస్ట్ ఇప్పుడు నెగ్గితే ఆ వరుస తీసేయాలి. కొత్తగా అలాంటి వరుస చేరితే మాత్రం కారణం అడగకుండా వదలకండి.