రాయి తగిలిన స్కీ బోటు ప్రొపెల్లర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

మీరు అడిగింది ఇది: సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇన్‌బోర్డ్ స్కీ బోటు (ఇంజిన్ లోపలే ఉండి, నీళ్ల మీద స్కీయర్‌ను తాడుతో లాగేది), లోయర్ మానేరులో నీళ్లు తగ్గినప్పుడు రాయికి తగిలి ఒక రెక్క అంచు వంగింది, అప్పటి నుంచి బోటంతా వణుకుతోంది. వరంగల్‌లో ఏదైనా లేత్ షాపులో సరిచేయిస్తే చాలా, లేక కొత్తది కొనాలా, కొంటే ఏ పిచ్ (ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు పోవాల్సిన లెక్క దూరం)?

హన్మకొండలో మా ఫ్రెండ్ బోటు పనులన్నీ నేనే చూస్తాను. నా మాటేంటంటే, ముందు షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీ) సంగతి తేల్చండి. ఔట్‌బోర్డ్ (ఇంజిన్‌ను బయట వెనక తగిలించే) బోట్ల ప్రొపెల్లర్లలో సాధారణంగా రబ్బరు బుష్ ఉండి దెబ్బను కొంత మింగేస్తుంది. స్కీ బోటుకు ఆ సౌకర్యం లేదు. హబ్ (ప్రొపెల్లర్ మధ్య భాగం) నేరుగా షాఫ్ట్ చివరి కోను మీద బిగిసి ఉంటుంది కాబట్టి దెబ్బంతా షాఫ్టుకే పోతుంది. తగిలింది కరీంనగర్ గ్రానైట్ అయితే ఇక చెప్పేదేముంది! మా వాడి బోటు కొన్నప్పుడు ప్రొపెల్లర్ అద్దంలా ఉంది, వణుకు మాత్రం ఉంది. వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్ తిప్పితే అసలు వంకర బయటపడింది. షాఫ్టును బోటు కింద పట్టి ఉంచే స్ట్రట్‌లోని రబ్బరు బేరింగ్ కూడా కదిపి చూడండి. ఇంజిన్ వైపును షాఫ్టుతో కలిపే కప్లింగ్ అలైన్‌మెంట్ బోటు నీళ్లలో ఉండగానే చూడాలి, ట్రైలర్ మీద కాదు. రెండు ముఖాల మధ్య తేడా మూడు థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దాటకూడదు.

ప్రొపెల్లర్ ఊడదీయడానికి పుల్లర్ వాడండి. సుత్తితో కొట్టొద్దు, గ్యాస్ మంట పెట్టొద్దు. నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు ఉంచండి. కోను మీంచి అది టప్పున ఊడి వస్తుంది, నట్టు లేకపోతే చెరువు అడుగుకే.

ఇక రిపేరు. అంచుకు చిన్న గంట్లు పడితే సన్న ఆకురాయితో మీరే నున్నగా చేసుకోవచ్చు. కానీ వెనక అంచు జోలికి పోకండి. అక్కడ కొద్దిగా ఒంపు ఉంటుంది, దాన్ని కప్ అంటారు. అది అరిగితే ప్రొపెల్లర్ నీళ్లను పట్టదు, ఆర్‌పీఎం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. రెక్క వంగితే మాత్రం పిచ్ గేజ్ ఉన్న ప్రొపెల్లర్ షాపుకే పంపాలి, దానికి ఓడరేవు ఊళ్ల వైపు చూడాల్సిందే. మన లేత్ షాపుల వాళ్లు పుల్లర్, కీ (హబ్ షాఫ్ట్ మీద జారకుండా గాడిలో పెట్టే చిన్న ముక్క) చక్కగా చేసిస్తారు. రెక్కను కంటితో చూసి కొట్టడం వేరే పని. పెంబర్తి కళాకారులకు ఇవ్వమని ఎవరో కామెంట్ పెట్టారు. వాళ్లది రేకు మీద నగిషీ పని, దానికీ దీనికీ సంబంధం లేదు. ఒక రెక్క మొదట్లో (హబ్‌కు కలిసే చోట) పగులు కనిపిస్తే మాత్రం రిపేరు ఆలోచన మానేయండి.

కొత్తది ఎంచుకునేటప్పుడు హబ్ మీద 13×12 లాంటి అంకెలు చూడండి: మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. బోటు వెనక నిలబడి ముందుకు చూస్తే, ముందు గేరులో సవ్య దిశలో తిరిగేది రైట్ హ్యాండ్. చాలా స్కీ బోట్లు లెఫ్ట్ హ్యాండ్, కాబట్టి ఆర్డరుకు ముందు చూసుకోండి. షాఫ్ట్ సైజు, గేర్ రేషియో కూడా తెలియాలి. పిచ్ తేల్చేది ఆర్‌పీఎం. మామూలుగా ఎక్కే మనుషులతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఇంజిన్ మాన్యువల్‌లో ఇచ్చిన రేంజ్‌లో పై భాగానికి చేరుతుందో లేదో చూడండి. చేరకపోతే పిచ్ తగ్గించాలి. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. పాత బోట్ల మీటర్లు అబద్ధాలు చెప్తాయి, చేత్తో పట్టుకునే టాకోమీటరుతో సరిచూసుకోండి. మే నెల ఎండకు ఇంజిన్ పవర్ కొంత తగ్గుతుందనీ గుర్తుంచుకోండి.

స్కీయర్‌ను లాగడమే ముఖ్యమైతే నాలుగు రెక్కలదే నా ఓటు. నీళ్లలోంచి పైకి లేపేటప్పుడు పట్టు బాగుంటుంది, వణుకు తక్కువ. టాప్ స్పీడ్ కాస్త తగ్గొచ్చు గానీ స్కీయింగ్‌కు అది ఎవరికి కావాలి? పోటీల్లో బోయాల చుట్టూ వంపులు తిరిగే స్లాలమ్‌లోనే మగవాళ్లకు గరిష్ఠం గంటకు 58 కిలోమీటర్లు.

బిగించేటప్పుడు ముందు కీ లేకుండా ప్రొపెల్లర్‌ను కోను మీదికి నెట్టి, హబ్ ఆగిన చోట మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత కీ పెట్టి మళ్లీ ఎక్కిస్తే అదే గీతకు రావాలి. రాకపోతే కీ ఎత్తు ఎక్కువైందని అర్థం, దాన్ని కొద్దిగా అరగదీయండి. మొదటి రైడ్ తర్వాత నట్టు ఇంకోసారి బిగించి కాటర్ పిన్ కొత్తది వేయండి.