గుట్ట మీద డిస్క్ గోల్ఫ్: మేనకోడలికి ఉత్తరం

హన్మకొండ

బిడ్డా,

ఇన్నాళ్లు చదును గ్రౌండ్ల డిస్క్ గోల్ఫ్ (పళ్లెం అసొంటి ప్లాస్టిక్ డిస్క్‌ను తక్కువ విసుర్లల్ల గొలుసుల బాస్కెట్ల వేసే ఆట) ఆడిన మీరు ఇప్పుడు ఊరి వెనక గుట్ట మీద తొమ్మిది బాస్కెట్లు పెట్టుకుంటున్నమని, అక్కడ ఎట్ల ఆడాలెనో రాయమని అడిగినవు. అడిగి మంచి పని చేసినవు. చదునుల డిస్క్ పడ్డ కాడనే దాదాపుగ ఉంటది. గుట్ట మీద పడే జాగ వేరు, ఆగే జాగ వేరు. ఆ రెండిటి నడుమ ముప్పై అడుగులు ఉండొచ్చు, ఒక ఒర్రె కూడ ఉండొచ్చు. విసిరే ముందు ఎంత దూరం పోవాలె అని చూసుడు అందరికి అలవాటే. గుట్ట మీద మాత్రం ఎక్కడ ఆగాలె అనేది ముందు తేల్చుకోవాలె. డిస్క్ ఏది, చెయ్యి ఏది అనేవి దాని వెనక వచ్చే సంగతులు.

బాస్కెట్లు పెట్టే జాగ గురించి ఒక మాట. పద్మాక్షి గుట్ట, ఖిలా వరంగల్ లోపలి ఏకశిల గుట్ట, రేగొండ దిక్కు పాండవుల గుట్టలు, ఇసొంటి చోట ఆడే ఆలోచనే పెట్టుకోవద్దు. పద్మాక్షి గుట్ట బండ మీద జైన శిల్పాలున్నయి, పాండవుల గుట్టల్ల ఆదిమానవులు వేసిన రంగు బొమ్మలున్నయి. 170 గ్రాముల గట్టి ప్లాస్టిక్ వేగంగ తాకితే రాతి మీద మచ్చ పడతది, రంగు రాలుతది. మీ ఊరి గుట్టకు ఆ ఇబ్బంది లేదు గని, మేకలు కాసేటోళ్ల బాట మీదికి, చేన్ల మీదికి ఏ హోల్ (మొదటి విసురు జాగ నుంచి బాస్కెట్ దాక ఉండే దారి) కూడ విసిరేటట్టు ఉండొద్దు.

బాస్కెట్ కాళ్లు వాలు మీద సమంగ కూసోవు. కింది దిక్కు కాలు కింద రాళ్లు పేర్చి, దారానికి రాయి కట్టి వేలాడదీసి, గొట్టం నిట్టనిలువుగ ఉందో లేదో చూడాలె. ఒరిగిన బాస్కెట్ల గొలుసులు ఒక పక్కకే కుప్పవడతయి. రెండో పక్కన సందు దొరికి, మంచిగ వేసిన పట్ (బాస్కెట్లకు వేసే దగ్గరి విసురు) కూడ దూరి బయట పడతది. టీ కాడ, అంటే మొదటి విసురు వేసే జాగల, కనీసం 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడుగు నేల చదును చేసి, మొరం గులకలు ఊడ్చెయ్యాలె. కాలు జారే టీ మీద ఎంత మంచి విసురు కూడ నిలువదు.

ఇగ ఎత్తు లెక్క. కోర్సులు గీసేటోళ్లు ఒక మోటు లెక్క వాడుతరు. టీకి, బాస్కెట్‌కు ఎంత ఎత్తు తేడా ఉంటే దానికి మూడింతలు దూరానికి కలుపుతరు, దిగుడైతే తీసేస్తరు. 70 మీటర్ల హోల్‌కు బాస్కెట్ 8 మీటర్లు పైన ఉన్నదనుకో, అది 94 మీటర్ల హోల్ అయినట్టే. అదే 8 మీటర్లు కిందుంటే 46. ఎత్తు కొలవడానికి ఫోన్‌ను నమ్మకు, అంత చిన్న తేడాకు అది పనికిరాదు. సగం నీళ్లున్న తెల్ల సీసాను అడ్డంగ కంటి ముందర పట్టి, నీళ్ల గీత వెంబడి గుట్టను చూడు. ఆ గీతకు ఏ రాయి తగులుతదో అది నీ కంటి ఎత్తుల ఉన్నట్టు. ఆ రాయి కాడికి ఎక్కి నిలబడి మల్ల చూడు. నీ కన్ను నేలకు 1.5 మీటర్ల ఎత్తుల ఉంటే, అయిదు సార్లు అట్ల ఎక్కితే 7.5 మీటర్లు. తొమ్మిది హోళ్లకు ఒక్క పొద్దుగాలనే కొలిచి రాసిపెట్టుకోవచ్చు.

ఎక్కుడు హోల్ల డిస్క్ వేగం తొందరగ పడిపోతది. వేగం తగ్గంగనే డిస్క్ ఎడమకు వాలుతది. (నీది కుడిచేతి బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటి ముందర నుంచి అడ్డంగ గుంజి విసిరే తీరు గనుక ఉత్తరమంత ఆ లెక్కనే రాస్తున్న. ఎడమచేతి దోస్తులుంటే తిప్పి చదువుకోమను.) అందుకని దూరం ఎక్కువ ఉన్నది గదా అని 11, 12 స్పీడ్ డ్రైవర్ (దూరం విసుర్లకు వాడే డిస్క్, స్పీడ్ అంకె ఎంత పెద్దదైతే అంత వేగం కావాలె) తియ్యకు. ఆ డిస్క్ ఎగరడానికి కావాల్సిన వేగం గుట్టకు ఎదురుగ నిలువదు, సగంలనే ఎడమకు కూలుతది. 6 లేదా 7 స్పీడ్ ఫెయిర్‌వే డ్రైవర్ తియ్యి, అందుల కూడ జర అండర్‌స్టేబుల్‌ది, అంటే వేగం మీద కుడికి మర్లేది. డిస్క్ మీద ఉండే నాలుగు అంకెలల్ల మూడోది (కుడికి మర్లుడు) మైనస్ 2 దగ్గర, నాలుగోది (చివరికి ఎడమకు వాలుడు) 1 దగ్గర ఉంటే సరిపోతది. 150 నుంచి 160 గ్రాముల తేలిక డిస్క్ అయితే ఎక్కుడుకు ఇంక మంచిది.

ఇక్కడ చానామంది చేసే తప్పు ఒకటే. పైకి పోవాలె గదా అని మణికట్టు లేపుతరు. అట్ల చేస్తే డిస్క్ ముందు అంచు లేస్తది, గాలి దాని కడుపుకు తగులుతది, డిస్క్ నిలువుగ లేచి ఆగి ఎడమకు జారి కింద పడతది. ఎంత బలం పెడితే అంత పైకి లేస్తది గని ముందుకు పోదు. మణికట్టును అట్లనే ఉంచి, నడుము కాడ కొంచెం వెనక్కి వంగి, భుజాల గీతను గుట్ట వాలుకు సమానంగ తేవాలె. చెయ్యి వెనక్కి చాపినప్పుడు డిస్క్ నడుము ఎత్తుల, విడిచేటప్పుడు ఛాతీ పైన, నడుమంత ఒకే వాలు గీత. అడుగులు కూడ తగ్గించు. చదునుల వేసే మూడు నాలుగు అడుగుల ఊపు ఎక్కుడుల మనిషిని వెనక్కి పడేస్తది. ఒక్క అడుగుతోటి, లేకుంటే నిలబడే వెయ్యి. దూరం కొంత తగ్గుతది, గురి తప్పదు.

దిగుడు హోల్ల అంతా దీనికి ఎదురు. డిస్క్ వేగం తొందరగ తగ్గదు గనుక మొదట కుడికి మర్లుతది. చివరికి వేగం పోయినప్పుడు కింద నేల ఇంక చాన దూరం ఉంటది గనుక, ఎడమకు వాలుకుంట వాలుకుంట పోతనే ఉంటది. చదునుల 5 మీటర్లు ఎడమకు పోయే డిస్క్ ఇక్కడ 15 మీటర్లు పోవచ్చు. అందుకే దిగుడుకు ఓవర్‌స్టేబుల్ (కుడికి మర్లకుండ ఎడమకు వాలే) మిడ్‌రేంజ్ (నడిమి దూరాల డిస్క్) గాని, నేరుగ పోయే పటర్ (దగ్గరి విసుర్ల డిస్క్) గాని తియ్యి. నిటారు దిగుడైతే 90 మీటర్ల హోల్‌కు కూడ పటర్ సరిపోతది. చెట్ల కొనల ఎత్తుకు విసరకు, గాలి చేతిల పెట్టినట్టే. భుజాలు వాలుతోటి ముందుకు వంచి, చూపు బాస్కెట్ మీద గాకుండ నడుమల ఉన్న ఒక పొద మీదనో బండ మీదనో పెట్టి, దాని మీదికెళ్లి కిందికి వెయ్యి. విసిరినంక ముందటి కాలు మడమ మీద తిరగాలె. కాలు నేలకు అంటుకొని ఉండి ఒళ్లు తిరిగితే భారమంత మోకాలు మీద పడతది, దిగుడుల ఆ భారం ఇంక పెరుగుతది.

పక్క వాలు సంగతి జర నిదానంగ చదువు, ఎక్కువ స్కోర్ పోయేది ఆడనే. డిస్క్ నేలకు సమానంగ వాలి పడితే జారి ఆగుతది. నేలకు అడ్డంగ, అంచు మీద పడితే లేచి నిలబడి బండి గిర్ర లెక్క దొర్లుతది, మొరం వాలు మీద దాన్ని ఆపేది ఏదీ ఉండదు. నీ బ్యాక్‌హ్యాండ్ చివరికి ఎడమ అంచు కిందికి వంచుకొని పడతది. కాబట్టి గుట్ట ఎడమకు దిగుతుంటే నీ మామూలు విసురే సరైంది. డిస్క్ వాలు, నేల వాలు కలుస్తయి. కొంచెం కిందికి జారుతది గనుక బాస్కెట్ కన్న 3, 4 మీటర్లు పైకి గురి పెట్టు. గుట్ట కుడికి దిగుతుంటే అదే విసురు మోసం చేస్తది. ఎడమ అంచు పైవాలుల గుచ్చుకొని, డిస్క్ నిలబడి, కుడికి దొర్లిపోతది. ఆడ ఫోర్‌హ్యాండ్ (అరచెయ్యి ముందరికి పెట్టి పక్క నుంచి విసిరేది) కావాలె, అది చివరికి కుడి అంచు వంచుకొని పడతది. నీకు ఫోర్‌హ్యాండ్ సరిగ్గ రాదు గనుక ముందు 30 మీటర్ల లోపు నేర్చుకో. గుట్ట మీద ఫోర్‌హ్యాండ్ రానోళ్లకు సగం హోళ్లు మూసినట్టే. అంతవరకు ఆ వాలు మీద బ్యాక్‌హ్యాండ్ వెయ్యాల్సి వస్తే అన్‌హైజర్ల, అంటే బయటి అంచు లేపి, అండర్‌స్టేబుల్ మిడ్‌రేంజ్ వెయ్యి. అది కుడికి వాలుకుంటనే నేలకు తగులుతది.

నేల రకం కూడ చూడాలె. నున్నని బండ మీద పడ్డ డిస్క్ ఎగిరి పోతది, గట్టి ప్రీమియం ప్లాస్టిక్ ఇంక ఎక్కువ ఎగురుతది. మెత్తటి బేస్ ప్లాస్టిక్ పటర్ తొందరగ ఆగుతది గని, బండలకు తాకి తాకి అంచు అరిగి, కొన్ని నెలలల్ల అండర్‌స్టేబుల్ అయితది. అందుకని డ్రైవర్లు ప్రీమియంల, దగ్గరికి వేసే పటర్ మెత్తటి ప్లాస్టిక్‌ల ఉంచుకో. మొత్తం ఆరేడు డిస్కులు చాలు, గుట్ట ఎక్కేటప్పుడు సంచి బరువు మూడో హోల్ నుంచే తెలుస్తది.

బాస్కెట్ దగ్గరికి వేసేటప్పుడు ఎప్పుడూ బాస్కెట్‌కు కింది దిక్కే ఆగేటట్టు చూసుకో. ఎదురు వాలుకు తగిలిన డిస్క్ ఆగుతది. పైగ, కింద నుంచి పైకి వేసే పట్ తప్పినా వెనక గుట్టకే తగులుతది. పైన ఆగితే నీకు దిగుడు పట్ మిగులుతది, అది ఈ ఆటల అన్నిటికన్న ప్రమాదం. తప్పితే డిస్క్ తేలుకుంట 15, 20 మీటర్లు కిందికి పోతది. 6 మీటర్ల కన్న ఎక్కువ దూరం నుంచి దిగుడు పట్ పడ్డదంటే గొలుసుల వైపు బలంగ విసరకు. బాస్కెట్ పక్కన 1 మీటర్ల ఆగేటట్టు, నేలకు సమానంగ, మెత్తగ వేసి, తర్వాతి విసురుకు లోపల వేసుకో. ఒక విసురు పోతది గని, మూడు పోకుండ ఆగుతది. దిగుడు పట్‌కు గురి గొలుసుల కింది భాగం మీద, ఎక్కుడు పట్‌కు పైభాగం మీద. ఎక్కుడుల బుట్ట అంచుకు తాకి కింద పడ్డ డిస్క్ నీ దిక్కే దొర్లొస్తది, దాన్ని కాలుతోటి ఆపకు. నీ డిస్క్ నువ్వే ఆపితే పెనాల్టీ పడతది.

బాస్కెట్‌కు 10 మీటర్ల లోపల ఇంకో రూల్ ఉంది. వేసినంక ఒంటి మీద పట్టు చూపించి, అప్పుడు ముందుకు పోవాలె. దిగుడుల ఒళ్లు తనంతట తాను ముందుకు ఒరుగుతది గనుక చాన మంది ఇక్కడ ఫుట్‌ఫాల్ట్ (కాలు తప్పు) అవుతరు. వెనక కాలు కొంచెం పక్కకు, పైవాలు మీద ఆనించి, మోకాళ్లు వంచి వేస్తే నిలబడతవు. మార్కర్ (డిస్క్ ఆగిన జాగ చూపే గుర్తు) వెనక నీ కాలు ఉండాల్సిన జాగ 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు. ఆడ పెద్ద బండ అడ్డముండి కాలు పెట్టే సందే లేకుంటే, బాస్కెట్‌కు నేరు గీతల ఆ బండ వెనకకు జరిగి వెయ్యనిస్తది రూల్. పాము గాని, తేనెటీగలు గాని ఉన్నా అదే గీత మీద వెనక్కి జరగొచ్చు. పోయిన డిస్క్ వెతకడానికి 3 నిమిషాలే, తర్వాత ఒక పెనాల్టీ కలుపుకొని వెనకటి జాగ నుంచి వెయ్యాలె.

గాలిది ఒక్క మాటల చెప్త. ఎదురు గాలిల డిస్క్ లేస్తది, కుడికి మర్లుతది, ఓవర్‌స్టేబుల్ డిస్క్ కిందికి వెయ్యాలె. వెనక గాలి డిస్క్‌ను నేలకు నొక్కుతది, జర పైకి, తేలేది వెయ్యాలె. వానకాలంల నైరుతి గాలి పడమటి వాలు ఎక్కివస్తది. టీ కాడ నీకు తగలకున్నా బాస్కెట్ కాడ తాటి మట్టలు ఊగుతున్నయా చూడు.

రంగులు ఆలోచించి కొను. మన ఎర్ర నేలల ఎరుపు, నారింజ కనపడవు. హోలీ టైంకు మోదుగుపూలు రాలిన కాడ నారింజ డిస్క్‌ను కాలు పక్కనున్నా గుర్తుపట్టవు. వానకాలం ఆకుపచ్చది, ఎండకాలం ఎండుగడ్డిల పసుపుది పోతది. లేత నీలం, గులాబి అన్ని కాలాలల్ల కనపడతయి. గట్టు అవతల బాస్కెట్ కనపడని హోళ్లకు ఒకరిని ఎప్పుడూ గట్టు మీద నిలబెట్టాలె, వాళ్లు చెయ్యి ఊపినంకనే వెయ్యాలె. డిస్క్ మనిషి దిక్కు పోతుంటే గట్టిగ కేక పెట్టాలె.

సీతాఫలం పొదలల్ల, బండ సందులల్ల చెయ్యి పెట్టకు. కొస వంచిన పొడుగు కట్టె ఒకటి సంచికి కట్టుకో, దాంతోటే డిస్క్ గుంజు. రక్తపింజర ఎండుటాకుల్ల కదలకుండ పడుకుంటది. ఎలుగుబంట్లు తిరిగే గుట్టలు మన దిక్కు ఉన్నయి, కాబట్టి పొద్దు గూకక ముందే దిగాలె. వాన పడ్డంక పాకుడు బండల మీద ఆడొద్దు, రెండు ఎండలు కాసేదాక ఆగాలె. ఏప్రిల్, మే నెలలల్ల పొద్దుగాల 9 గంటలకే బండ కాలుతది, ఆలోపే ఆట అయిపోవాలె, మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉండాలె. డిస్కులు ఎండల కారుల వదిలిపెట్టకు, ఒంగిపోతయి.

మొదటి రెండు ఆటలు స్కోర్ రాయకండి. ప్రతి హోల్‌కు డిస్క్ ఎక్కడ పడ్డది, ఎక్కడ ఆగింది అని కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, నడుమ గీత గీసి నాకు పంపు. గీతలు ఒక్క దిక్కే పోతున్న కాడ బాస్కెట్ జరపాలెనో, టీ జరపాలెనో చూసి రాస్త.

నీ మేనత్త