టైటాన్ మీద ఇప్పుడు ఏ కాలం?

శని ఉపగ్రహాల్లో అతి పెద్దది టైటాన్. సౌర కుటుంబంలో దట్టమైన వాతావరణం ఉన్న ఉపగ్రహం అదొక్కటే. అక్కడి ఋతువుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఒకే రకం వాటిని కలిపి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

టైటాన్ తిరిగేది శని చుట్టూ కదా, దానికి ఋతువులెలా వస్తాయి? ఒక్కో కాలం ఎన్నాళ్లుంటుంది? (ఖమ్మం)

టైటాన్ అక్షం దాని కక్ష్యకు దాదాపు నిటారుగానే ఉంటుంది, వంపు 0.3 డిగ్రీలకు మించదు. అయితే ఆ కక్ష్య ఇంచుమించు శని మధ్యరేఖ ఉన్న తలంలోనే ఉంటుంది. శని అక్షం 26.7 డిగ్రీలు వంగి ఉంది కాబట్టి ఆ వంపే టైటాన్‌కూ వచ్చింది. అంటే శనికి ఏ కాలమైతే టైటాన్‌కూ అదే కాలం.

టైటాన్ శని చుట్టూ ఒకసారి తిరగడానికి 15 రోజుల 22 గంటలు పడుతుంది. పరీక్షల్లో చాలామంది దీన్నే టైటాన్ సంవత్సరంగా రాసేస్తారు. అది అక్కడి పగలూ రాత్రీ కలిసిన ఒక దినం మాత్రమే. ఋతువుల లెక్కకు కావలసింది శని సూర్యుడి చుట్టూ తిరిగే కాలం, 29.46 ఏళ్లు. పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. ఆయన మూడు రాశులు దాటేసరికి టైటాన్ మీద ఒక ఋతువు గడుస్తుంది.

నాలుగు కాలాలూ సమానంగా మాత్రం ఉండవు. విషువత్తులు (సూర్యుడు సరిగ్గా మధ్యరేఖకు ఎదురుగా వచ్చే రోజులు) 1995 నవంబర్‌లో, 2009 ఆగస్టులో, 2025 మేలో వచ్చాయి. మొదటి రెండింటి మధ్య 13 ఏళ్ల 9 నెలలు, తర్వాతి రెండింటి మధ్య 15 ఏళ్ల 9 నెలలు. శని కక్ష్య అండాకారంలో ఉండటమే ఇందుకు కారణం. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు (భూమి-సూర్యుల దూరానికి 9 రెట్లు) శని వేగంగా కదులుతుంది, దూరమైనప్పుడు (10.1 రెట్లు) నెమ్మదిస్తుంది. దగ్గరగా ఉన్నప్పుడు దక్షిణార్ధంలో వేసవి, దూరంగా ఉన్నప్పుడు ఉత్తరార్ధంలో వేసవి. అందుకే దక్షిణ వేసవి చిన్నది, తీవ్రమైనది. ఈ రెండు దూరాల మధ్య అందే ఎండలో తేడా సుమారు 24 శాతం.

ప్రస్తుతం టైటాన్ ఉత్తరార్ధంలో శరదృతువు, దక్షిణార్ధంలో వసంతం. ఉత్తరాన నడిశీతాకాలం 2032లో వస్తుంది.

అక్కడ ఎప్పుడూ మైనస్ 179 డిగ్రీలే అంటారు. మరి ఋతువు మారితే ఉష్ణోగ్రత ఎంత మారుతుంది? (అనకాపల్లి)

నేల మీద మార్పు చాలా తక్కువ. మధ్యరేఖకూ ధ్రువానికీ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలే. కాసీని వ్యోమనౌక 2004 నుంచి 2017 వరకు చేసిన కొలతల్లో, నేల మీద అతి వెచ్చని పట్టీ మధ్యరేఖకు దక్షిణం నుంచి ఉత్తరానికి మెల్లగా జరగడం కనిపించింది. ఋతువు మారిందని నేల చెప్పే సాక్ష్యం అంతవరకే.

ఎందుకంత తక్కువో ఒక చిన్న లెక్క చెబుతుంది. టైటాన్ నేల మీద వాతావరణ పీడనం మన దగ్గరికంటే ఒకటిన్నర రెట్లు, గురుత్వం మాత్రం ఏడో వంతు (1.35 మీటర్లు/సెకను²). పీడనాన్ని గురుత్వంతో భాగిస్తే ఒక్కో చదరపు మీటరు నేల మీద ఎంత గాలి నిలిచి ఉందో తెలుస్తుంది. టైటాన్ మీద అది సుమారు 1,08,000 కిలోలు, భూమి మీద 10,300 కిలోలు. పైన పదింతల గాలి ఉంది, అందే ఎండ చూస్తే భూమికి అందేదానిలో వందో వంతు. వాతావరణం మొత్తం పీల్చుకునేది చదరపు మీటరుకు సగటున 2.7 వాట్లు. ఆ ఎండ పూర్తిగా ఆగిపోయిందనుకున్నా అంత గాలి ఒక్క డిగ్రీ చల్లబడటానికి ఏడాదికి పైగా పడుతుంది. పైగా గాలులు ఒక చోటి వేడిని ఇంకో చోటికి మోస్తూనే ఉంటాయి. కింది వాతావరణంలో పెద్ద మార్పు లేనిది అందుకే.

వంద కిలోమీటర్లు దాటి పైకి వెళ్తే ఈ లెక్క చెల్లదు. అక్కడ గాలి పలచన, త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లబడుతుంది. టైటాన్ ఋతువులను చూడాలంటే నేలను వదిలి అక్కడికే వెళ్లాలి.

పై వాతావరణంలో ఏం మారుతుందో కాస్త వివరంగా చెప్పండి. (హనుమకొండ, డిగ్రీ విద్యార్థిని)

ముందుగా గాలి తిరిగే తీరు మారుతుంది. వేసవి, శీతాకాలాల నడిమధ్యలో ఒకే పెద్ద ప్రసరణ ఉంటుంది: వేసవి ధ్రువం దగ్గర గాలి పైకి లేచి, ఎత్తులో గోళం మీదుగా ప్రయాణించి, శీతాకాల ధ్రువం మీద దిగుతుంది. విషువత్తు వచ్చినప్పుడు ఆ ఒక్కటి రెండుగా చీలుతుంది. కొంతకాలానికి పాతది సమసిపోయి, మిగిలినది వ్యతిరేక దిశలో తిరగడం మొదలుపెడుతుంది. మిగతా మార్పులన్నీ దీని వెంటే వస్తాయి.

దక్షిణ ధ్రువాన్నే చూడండి. 2009 ఆగస్టు విషువత్తుతో అక్కడ నేల మీద సూర్యుడు అస్తమించాడు. పైనుంచి గాలి దిగడం మొదలైంది. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కాలి, మొదట్లో అలాగే వేడెక్కింది కూడా. ఆ గాలి తనతో పాటు పై పొరల్లో సూర్యకాంతి వల్ల తయారైన హైడ్రోజన్ సయనైడ్ వంటి వాయువులను పెద్ద ఎత్తున కిందికి తెచ్చింది. ఈ వాయువులు వేడిని పరారుణ కాంతిగా అంతరిక్షంలోకి వదిలేయడంలో దిట్టలు. అవి గుమిగూడేకొద్దీ ఆ పొర వేడెక్కడం మాని చల్లబడింది.

2012లో కాసీని కెమెరాకు దక్షిణ ధ్రువం మీద సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో ఒక సుడి మేఘం చిక్కింది. టైటాన్ తన చుట్టూ తాను తిరగడానికి 16 రోజులు పడితే, ఆ సుడి 9 గంటల్లో ఒక చుట్టు తిరుగుతోంది. అందులో ఉన్నవి హైడ్రోజన్ సయనైడ్ మంచు రేణువులని 2014లో వర్ణపట విశ్లేషణ తేల్చింది. ఆ ఎత్తులో అది గడ్డకట్టాలంటే ఉష్ణోగ్రత మైనస్ 148 డిగ్రీలకు పడిపోవాలి. అంతవరకు కంప్యూటర్ నమూనాలు (మోడళ్లు) చెప్పినదానికంటే ఇది దాదాపు వంద డిగ్రీలు తక్కువ! అదే ప్రాంతంలో తర్వాత బెంజీన్ మంచు కూడా దొరికింది.

ధ్రువంలో చీకటి పడ్డాక ఆ మేఘం కెమెరాకు ఎలా కనిపించిందని అనుమానం రావచ్చు. టైటాన్ వ్యాసార్ధం 2,575 కిలోమీటర్లు. 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే దిక్చక్రం 26 డిగ్రీలు కిందికి ఉంటుంది. 2012 నాటికి సూర్యుడు దక్షిణ ధ్రువపు నేలకు అంత లోతుకు దిగలేదు. అందువల్ల నేల మీద రాత్రి అయినా మేఘం మీద ఎండ పడుతూనే ఉంది.

రెండోది మసక పొర. నత్రజని, మీథేన్ అణువులను అతినీలలోహిత కిరణాలు విడగొట్టగా పుట్టే నారింజరంగు ధూళి ఇది. ప్రధానమైన మసకకు పైన, దాన్నుంచి విడిగా ఒక పలచని పొర ఉంటుంది. 2005 ప్రాంతంలో అది సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో ఉండేది. విషువత్తు రాగానే జారడం మొదలై, 2010 చివరికి 380 కిలోమీటర్లకు దిగి, 2012లో మాయమైంది. 2016లో మళ్లీ పైన కనిపించింది. 1980 నవంబర్‌లో వాయేజర్-1 దీన్ని 350 కిలోమీటర్ల దగ్గర చూసింది. ఆ తేదీకి ఒక టైటాన్ సంవత్సరం కలిపితే 2010 వస్తుంది. అదే ఋతువులో అదే ఎత్తుకు దగ్గరగా పొర ఉందంటే, ఇది ప్రతి టైటాన్ సంవత్సరంలోనూ జరిగే మార్పేనని చెప్పడానికి మన చేతిలో ఉన్న బలమైన ఆధారం అదే.

వానలు నిజంగా పడతాయా? ఏ కాలంలో? (నంద్యాల)

పడతాయి, కాకపోతే మీథేన్ వానలు. చినుకు సెంటీమీటరు వరకు పెరగగలదని, సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో తాపీగా దిగుతుందని లెక్కలు చెబుతాయి. మన దగ్గర పెద్ద చినుకు వేగం సెకనుకు 9 మీటర్లు.

వాన వేసవిని వెంబడిస్తుంది. 2004లో దక్షిణ వేసవి కాబట్టి దక్షిణ ధ్రువం చుట్టూ మేఘాలు పెద్దగా లేచాయి. 2010 సెప్టెంబర్ 27న, విషువత్తు దాటిన ఏడాదికి, మధ్యరేఖ మీద బాణం ఆకారంలో ఒక భారీ మేఘం కనిపించింది. కొన్ని వారాల తర్వాత దాని కింద సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల నల్లబడింది. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపినా 2.75 లక్షలే. ఆ తర్వాత చాలా చోట్ల నేల పాత రంగుకు వచ్చింది, అంటే తడి ఆరిపోయింది. మామూలుగా ఇసుక తిన్నెలతో ఎండిపోయి ఉండే ప్రాంతమది.

తర్వాత ఉత్తర వేసవిలో ఉత్తర ధ్రువం మీద మేఘాలు రావాలి. నమూనాలు చెప్పిన సమయానికి రాలేదు. 2016 జూన్ నాటి కాసీని చిత్రంలో ఉత్తర ధ్రువం దగ్గర తడి నేల మీద ఎండ మెరిసినట్టున్న ఒక ప్రాంతాన్ని ఐడహో విశ్వవిద్యాలయానికి చెందిన రజని ధింగ్రా బృందం గుర్తించింది. 2022 నవంబర్‌లోనూ, 2023 జులైలోనూ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు, హవాయిలోని కెక్ టెలిస్కోపు ఉత్తరార్ధంలో మేఘాలను పట్టుకున్నాయి. 2023 నాటివి రోజుల వ్యవధిలోనే పైకి లేస్తూ కనిపించాయి. వేడి గాలి లేచి మేఘంగా మారడాన్ని ఉత్తరార్ధంలో చూడటం అదే మొదలు. ఇప్పుడు మళ్లీ విషువత్తు దాటింది కనుక మధ్యరేఖ వానకు ఇది అదును. వెబ్, కెక్ పరిశీలనలను అనుసరించేవాళ్లు ఈ రెండు మూడేళ్లూ మధ్యరేఖ మీద కన్నేసి ఉంచాలి.

ఫొటోల్లో నారింజ బంతే కనిపిస్తుంది. మేఘం ఎత్తు ఎలా చెబుతారు? (బెంగళూరు)

మీథేన్ కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని మింగేస్తుంది, కొన్నింటిని వదిలేస్తుంది. ఉదాహరణకు 889 నానోమీటర్ల దగ్గర గట్టిగా మింగుతుంది, 940 దగ్గర నేల దాకా దారి ఇస్తుంది. ఒకే సమయంలో రెండు ఫిల్టర్లతో చిత్రం తీస్తారు. 940లో తెల్లగా ఉండి 889లో కనిపించకపోతే మేఘం కింద ఉంది. రెండింటిలోనూ కనిపిస్తే పైన ఉంది. వెబ్ ఇదే పనిని ఇంకా పొడవైన పరారుణ తరంగాలతో చేస్తుంది.

ఇందులో పొరపాటు జరిగేది నేల మీది తెల్లని ప్రాంతాన్ని మేఘమనుకున్నప్పుడు. టైటాన్ ఎప్పుడూ ఒకే ముఖాన్ని శని వైపు ఉంచుతుంది కాబట్టి 16 రోజుల తర్వాత అదే భాగం మళ్లీ మన ముందుకు వస్తుంది. మచ్చ అక్కడే ఉంటే అది నేల. 2022 నవంబర్ 4న వెబ్ మేఘాలను చూడగానే శాస్త్రజ్ఞులు కెక్‌తో నవంబర్ 6న మళ్లీ చూసింది కూడా అవి కదిలాయో, ఆకారం మారాయో తేల్చుకోవడానికే.

మా బడిలో 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు ఉంది. ఈ మార్పులు పిల్లలకు చూపించొచ్చా? (సిరిసిల్ల, సైన్స్ మాస్టారు)

మాస్టారూ, మేఘాలూ మసక పొరలూ దానికి అందవు. టైటాన్ బింబం 0.8 ఆర్క్ సెకన్లే (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). 200 మిల్లీమీటర్లు దాటిన అద్దం, నిశ్చలమైన ఆకాశం ఉంటేనే చుక్క కాస్త గుండ్రంగా కనిపిస్తుంది. టైటాన్‌ను చూడటం మాత్రం మీ టెలిస్కోపుకు కష్టం కాదు. దాని కాంతి పరిమాణం (వెలుగును కొలిచే అంకె, మాగ్నిట్యూడ్) 8.4.

శనిని మధ్యలోకి తెచ్చి తక్కువ పవర్ ఐపీసు (25 మి.మీ.) పెట్టండి. టైటాన్ అత్యంత దూరంగా ఉన్న రాత్రి, వలయం మొత్తం వెడల్పుకు నాలుగున్నర రెట్ల దూరంలో, వలయం పొడవు సాగిన దిశకు దగ్గర్లోనే ఉంటుంది. నేపథ్య నక్షత్రాన్ని చూసి టైటాన్ అనుకోవడం అందరికీ జరిగేదే. పిల్లల చేత కాగితం మీద స్థానం గీయించి మర్నాడు మళ్లీ చూపించండి. శనితో పాటు ఉంటూ జరిగితే అది టైటాన్. ఒకవైపు చివరి నుంచి రెండో వైపు చివరికి 8 రోజులు. రోజు విడిచి రోజు గీసినా 16 రోజుల్లో కక్ష్య పూర్తవుతుంది. మొబైల్‌తో తీసే ఫొటోలో శని వెలుగు అతిగా పడితే చుక్క మాయమవుతుంది, టైటాన్ కోసం విడిగా ఎక్స్‌పోజర్ పెంచి తీయండి.

ఋతువునే చూపించాలంటే వలయాలు చాలు. 2025లో అంచు మాత్రమే కనిపించేలా సన్నబడిన వలయం ఏటా కాస్త తెరుచుకుంటుంది. ఆ వంపు ఎంత పెరిగితే టైటాన్ దక్షిణార్ధంలో వేసవి అంత దగ్గర పడుతున్నట్టు. 2026లో శని అక్టోబర్ తొలివారంలో రాత్రంతా కనిపిస్తుంది.

డ్రాగన్‌ఫ్లై దిగేనాటికి అక్కడ ఏ కాలం? సరస్సుల దగ్గర ఎందుకు దించడం లేదు? (డాలస్)

డ్రాగన్‌ఫ్లై టైటాన్ మీద చోటు నుంచి చోటుకు ఎగిరేలా నాసా తయారుచేస్తున్న నౌక. ప్రణాళిక ప్రకారం 2028 జులైలో బయల్దేరి 2034లో చేరాలి. అప్పటికి ఉత్తరాన శీతాకాలం. 2005 జనవరి 14న, కాసీనితో కలిసి వెళ్లిన హైగెన్స్ నౌక టైటాన్ మీద దిగినప్పుడు ఉన్న ఋతువే, సరిగ్గా ఒక టైటాన్ సంవత్సరం తర్వాత. కాబట్టి హైగెన్స్ కొలిచిన గాలులు, ఉష్ణోగ్రతలు నేరుగా పనికొస్తాయి. దిగే చోటు మధ్యరేఖకు దగ్గరగా సెల్క్ బిలం పక్కన ఉన్న ఇసుక తిన్నెల ప్రాంతం.

పెద్ద సరస్సులు, సముద్రాలన్నీ దాదాపు ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్నాయి. 2034లో అక్కడ ధ్రువ రాత్రి. సూర్యుడితో పాటు భూమి కూడా దిక్చక్రం కిందే ఉంటుంది కాబట్టి, శని చుట్టూ తిరిగే మరో నౌక తోడు లేకుండా అక్కడి నుంచి మనకు సంకేతాలు పంపే దారి లేదు.