ఇచ్చిన అప్పు తిరిగి అడిగితే ప్రేమ లేనట్టేనా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె, ఉండేది షార్జాలో. రూమ్‌లో ఆరుగురం, ఇద్దరం మనోళ్లం, మిగతావాళ్లు బీహార్, బంగ్లాదేశ్. నాయిన పోయినప్పుడు తలా ఇంత వేసుకుని టికెట్ కొని ఫ్లైట్ ఎక్కించింది వీళ్లే. అందులో ఒకతను నా దగ్గర అప్పు తీసుకుని ఏడాది దాటింది. అడిగితే "ప్రేమకు షరతు ఉండొద్దని సూఫీలు చెప్పారు భాయ్" అని నవ్వేస్తాడు. ఇంటికి ఫోన్ చేస్తే "వాళ్లు మనకేమైతరు?" అని ఒకటే గొడవ. టెన్షన్‌గా ఉంది. - పేరు వద్దు

జవాబు: తమ్ముడూ, నీ రూమ్మేట్ మాటలో సగం నిజం, సగం తెలివి. సూఫీలు, అంటే దేవుడి మీద ప్రేమనే దారిగా ఎంచుకున్న ముస్లిం సాధువులు, షరతుల్లేని ప్రేమ అన్నది ముందుగా దేవుడి విషయంలో. 8వ శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రాలో ఉన్న సూఫీ భక్తురాలు రాబియా ఒక చేత్తో నిప్పు, ఇంకో చేత్తో నీళ్లు పట్టుకుని వీధిలోకి వచ్చిందని చెబుతారు, స్వర్గాన్ని తగలబెట్టి నరకాన్ని ఆర్పేస్తే గానీ జనం ఆశా భయమూ లేకుండా దేవుణ్ని ప్రేమించరని. ఇందులో బాకీ ఎగ్గొట్టే వెసులుబాటు నాకైతే కనపడలేదు.

ఇక "మనకేమైతరు" సంగతి. ఢిల్లీలో ఉన్న సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా తాతలు బుఖారా నుంచి వలస వచ్చినవాళ్లు, ఆయన పెళ్లే చేసుకోలేదు. అయినా ఒకే పీరు (సూఫీ గురువు) శిష్యులు ఒకరికొకరు పీర్‌భాయ్‌లు, అంటే రక్తసంబంధం లేకపోయినా అన్నదమ్ములు. కవి అమీర్ ఖుస్రో ఔలియా శిష్యుడిగా అలా దగ్గరైనవాడే, 1325లో ఔలియా పోయిన కొన్ని నెలలకే పోయాడు, సమాధి కూడా అదే ఆవరణలో. ఇప్పటి వలస కూలీలే కావాలంటే ఇటలీలో, న్యూయార్క్‌లో వీధుల్లో సామాన్లు అమ్ముకునే సెనెగల్ మురీదులు (ఒక సూఫీ శాఖ వాళ్లు) ఉన్నారు. దాహిరా అని సంఘం పెట్టుకుని, కలిసి తమ గురువు అమదూ బాంబా పద్యాలు పాడుకుంటారు, చందాలు వేసుకుంటారు, ఎవరైనా పోతే శవాన్ని సొంతూరికి చేర్చేది ఆ డబ్బే. మీ రూమ్ చేసిందీ ఇలాంటి పనే కదా! కాకపోతే అక్కడ చందాకు లెక్క ఉంటుంది.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (వాక్యం), రెండో సూరా (అధ్యాయం)లో 282వది, అప్పు గురించే. రాసుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి అంటుంది. దానికి రెండు ఆయత్‌ల ముందే, తీసుకున్నవాడు ఇబ్బందుల్లో ఉంటే గడువివ్వండి, వదిలేస్తే ఇంకా మేలు అనీ ఉంది. అందుకే ముందు అతనికి జీతం సరిగ్గా పడుతోందో లేదో కనుక్కో. ఇబ్బందే అయితే రూమ్‌లో ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని, నెలకింత అని కాగితం మీద రాసుకోండి. వదిలేయాలనిపిస్తే వదిలెయ్, కానీ అది నీ అంతట నువ్వు అనుకోవాలి, అతను నవ్వి మాఫీ చేయించుకోవడం కాదు. ఈ శుక్రవారం అమ్మకు వీడియో కాల్ చేసి, టికెట్‌కి డబ్బులేసింది ఎవరెవరో ఒక్కొక్కర్నీ పేరు చెప్పి చూపించు.